హైదరాబాద్ నుంచి డాలస్‌కి: దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఏ దారి ఎవరికి?

శంషాబాద్‌లో విమానం ఎక్కి డాలస్‌లో దిగాలంటే, భూగోళం మీద అతి దగ్గరి దారిన కొలిచినా సుమారు 14,400 కిలోమీటర్లు. భూమి మీద ఏ రెండు ఊళ్లు తీసుకున్నా మధ్య దూరం 20,000 కిలోమీటర్లకు మించదు. అందులో ముప్పాతిక వంతుకు దగ్గరగా ఉంది మన ప్రయాణం. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలోనో, ప్లేనోలోనో, ఇర్వింగ్‌లోనో పిల్లలున్న తల్లిదండ్రులు, ఆగస్టులో చదువులకు బయల్దేరే విద్యార్థులు, సెలవులకు వచ్చి తిరిగి వెళ్లే కుటుంబాలు, అందరూ టికెట్ వెతుకుతూ మొదట అడిగేది ఒక్కటే: "ఏ దారి దగ్గర?"

దూరం చూసి దారి ఎంచుకోవద్దనేదే నా సలహా. దారులన్నీ దూరంలో దాదాపు సమానం. ప్రయాణం మధ్యలో ఎక్కడ ఆగుతుంది, ఆగిన చోట మీకు ఎంత శ్రమ, చేతిలో ఉన్న కాగితాలు ఆ చోటికి సరిపోతాయా, ఈ మూడే తేల్చాల్సిన సంగతులు.

దూరాలు ఎంతెంత

రెండు విమానాల దూరం కలిపి చూస్తే లెక్క సుమారుగా ఇలా వస్తుంది:

దోహా మీదుగా: 2,900 + 12,750 = 15,650 కి.మీ.
దుబాయ్ మీదుగా: 2,550 + 12,900 = 15,450 కి.మీ.
లండన్ మీదుగా: 7,750 + 7,650 = 15,400 కి.మీ.
ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,100 + 8,250 = 15,350 కి.మీ.

అన్నిటికన్నా దూరమైన దానికీ, దగ్గరైన దానికీ తేడా 300 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి అది ఇరవై నిమిషాల పని. మధ్యలో విమానం కోసం ఎదురుచూసే సమయం ఒక్క గంట పెరిగినా ఆ తేడా కొట్టుకుపోతుంది.

గోడ మీది ప్రపంచ పటం చూసినవారికి ఈ అంకెలు వింతగా అనిపించవచ్చు. పటంలో డాలస్ ఎక్కడో ఎడమ అంచున, హైదరాబాద్ కుడివైపున ఉంటాయి. లండన్ మీదుగా పోవడమంటే బాగా పైకెక్కి దిగినట్టు కనిపిస్తుంది. గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. ఆ దారం ఐరోపా వైపూ పోదు, పసిఫిక్ వైపూ పోదు. హైదరాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి లేచి, హిమాలయాలు, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి దాపుగా వెళ్లి, కెనడా మీదుగా డాలస్‌కి దిగుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలు. అంటే డాలస్ మనకు భూమికి ఇంచుమించు సరిగ్గా అవతలి వైపున ఉంది, రెండూ ఉత్తరార్ధగోళంలోనే ఉన్నాయి. కాబట్టి దగ్గరి దారి ధ్రువం పక్కనుంచే పోతుంది. పడమర దిక్కున ఎక్కడ ఆగి వెళ్లినా అదనంగా పడేది వెయ్యి, పన్నెండు వందల కిలోమీటర్లే.

తూర్పు దారి కూడా ఉంది. హాంకాంగ్ నుంచి డాలస్‌కి కేథే పసిఫిక్ 2025లో విమానం మొదలుపెట్టింది. ఆ దారిన మొత్తం 16,800 కిలోమీటర్ల దాకా అవుతుంది. ధర బాగా తగ్గితే తప్ప హైదరాబాద్ వారు దాని జోలికి పోనక్కర్లేదు.

ఆగకుండా వెళ్లే విమానం ఎందుకు లేదు

విమానానికి అంత దూరం పోయే శక్తి లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లకు పైగా ఆగకుండా ఎగిరే విమానం ఉంది. దోహా నుంచి ఆక్లండ్ 14,500 కిలోమీటర్లు, ఇంచుమించు మన దూరమే. హైదరాబాద్ నుంచి కూడా ఒక ప్రయత్నం జరిగింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో మధ్య బోయింగ్ 777తో ఆగకుండా వెళ్లే సర్వీసు మొదలుపెట్టింది. అది నిలబడలేదు.

అడ్డంకులు దారిలోనే ఉన్నాయి. గ్లోబు మీద దారం చూపించిన గీత హిమాలయాలు, కారకోరం పర్వతాల మీదుగా పోతుంది. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే పది వేల అడుగులకు దించాలి. అక్కడ నేలే అంతకన్నా ఎత్తు. అందుకని విమాన సంస్థలు ఆ ప్రాంతాన్ని వీలైనంత తప్పిస్తాయి. పడమరకు జరిగి పోదామంటే పాకిస్తాన్ గగనతలం భారతీయ విమానాలకు 2025 ఏప్రిల్ చివర్లో మూతపడింది. ఆ దెబ్బకు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నా లాంటి చోట్ల ఆగాల్సి వచ్చింది. రష్యా గగనతలం 2022 నుంచి అమెరికా, బ్రిటన్, ఐరోపా యూనియన్ సంస్థలకు మూసే ఉంది. కాబట్టి అమెరికన్ సంస్థ ఏదైనా మనకోసం ముందుకొచ్చినా దగ్గరి దారి దానికి దొరకదు. ఇన్ని అడ్డంకులున్నన్నాళ్లు డాలస్‌కి ఒక్క స్టాపే మనకు దక్కే మేలైన ప్రయాణం అనుకుని టికెట్ చూసుకోవడం నయం.

గంటల లెక్క

దోహా, దుబాయ్ దారుల్లో మొదటి విమానం నాలుగు గంటలు, కాస్త అటూ ఇటూ. రెండోది పదహారు గంటలకు పైనే. లండన్ దారిలో రెండూ దాదాపు పదేసి గంటలు. ఫ్రాంక్‌ఫర్ట్ అయితే తొమ్మిది, పదకొండు. మధ్యలో రెండు, మూడు గంటలు కలుపుకుంటే అన్నీ ఇరవై మూడు గంటల దగ్గరే తేలతాయి. ఇరవై ఆరు, ముప్పై గంటలు చూపించే టికెట్‌లో ఆ అదనమంతా ఎయిర్‌పోర్టులో కూర్చునే సమయమే.

తిరుగు ప్రయాణం తక్కువ. ఆకాశంలో ముప్పై, నలభై వేల అడుగుల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంటుంది. చలికాలంలో దాని జోరు ఇంకా ఎక్కువ. డాలస్ నుంచి వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది. డాలస్–దోహా పద్నాలుగున్నర గంటల్లో, డాలస్–లండన్ తొమ్మిది గంటల్లో అయిపోయేది అందుకే.

గడియారం విషయంలో మాత్రం చాలామంది తికమక పడతారు. డాలస్ మనకన్నా ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం నాడు వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. జూన్‌లో తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాద్‌లో బయల్దేరి ఇరవై మూడు గంటలు ప్రయాణం చేస్తే, డాలస్‌లో దిగేసరికి అక్కడ అదే రోజు సాయంత్రం నాలుగున్నర. తిరిగి వచ్చేటప్పుడు శనివారం రాత్రి ఏడింటికి బయల్దేరితే, ఇరవై రెండు గంటల తర్వాత హైదరాబాద్‌లో సోమవారం తెల్లవారుజామున మూడున్నర. ఆదివారం మొత్తం ఆకాశంలోనే అయిపోతుంది. పెళ్లికో, కర్మకాండకో ఒక తేదీకి చేరాలనుకునేవారు ఈ లెక్క వేసుకున్నాకే టికెట్ తీయాలి. హైదరాబాద్‌లో దిగేది అర్ధరాత్రి దాటాక అయితే, ఎయిర్‌పోర్టుకు వచ్చేవారికి తేదీ పొరబాటు పడకుండా "ఆదివారం రాత్రి తెల్లవారితే సోమవారం" అని విడమర్చి చెప్పండి.

నాలుగు, పదహారా? పది, పదా?

అసలు ఎంపిక ఇక్కడే ఉంది. దీనిమీద నాకు గట్టి అభిప్రాయం ఉంది: ఒంటరిగా వెళ్లే ఆరోగ్యవంతులకు గల్ఫ్ దారి, అరవై ఐదు దాటిన తల్లిదండ్రులకు, చిన్నపిల్లలున్న కుటుంబాలకు లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ దారి. కాగితాలు సరిగ్గా ఉంటేనే సుమా. ఆ మాట కిందకి వస్తుంది.

గల్ఫ్ దారికి రెండు బలాలున్నాయి. మొదటిది, రెండో విమానం ఎక్కి కూర్చున్నాక ఇక మారేది లేదు. పదహారు గంటల్లో రెండు భోజనాలు, ఒక మంచి నిద్ర పడతాయి. నిద్ర పట్టేవారికి ఇది వరం. రెండోది, దోహాలో హమద్ ఎయిర్‌పోర్టు మొత్తం ఒకే టెర్మినల్. దుబాయ్‌లో ఎమిరేట్స్ విమానాలు టెర్మినల్ 3 నుంచే నడుస్తాయి. బస్సెక్కి వేరే టెర్మినల్‌కి పోవాల్సిన పని ఉండదు. దుబాయ్‌లో ఒక కాంకోర్స్ (గేట్లుండే భవనం) నుంచి ఇంకో కాంకోర్స్‌కి లోపలే రైలు ఉంది, కానీ నడక మాత్రం బాగానే పడుతుంది. పైగా ఒకే టికెట్ మీద వెళుతూ లోపలే విమానం మారేవారికి ఆ రెండు చోట్లా వీసా అక్కర్లేదు.

బలహీనత ఏమిటంటే, గల్ఫ్ విమానాలు చాలావరకు మన దగ్గర అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. ముందురోజు సర్దుకోవడాలు, చుట్టాల వీడ్కోళ్లు, విజయవాడ నుంచో ఖమ్మం నుంచో కారులో రావడం, రాత్రంతా మేలుకోవడం, నాలుగు గంటల విమానం, అక్కడ పరుగు, ఆ తర్వాత పదహారు గంటల కూర్చోవడం. పాతికేళ్ల కుర్రాడికి ఇది లెక్కలోకి రాదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఆ పదహారు గంటలు చాలా పెద్దవి. నాలుగు గంటలు మించి కదలకుండా ప్రయాణం చేస్తే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో తేలింది. మామూలు మనుషులకు ఆ ముప్పు మొదట చాలా తక్కువే, రెట్టింపైనా తక్కువే. ఈమధ్య ఆపరేషన్ అయినవారు, గుండె జబ్బులున్నవారు, గతంలో కాళ్లలో గడ్డలు వచ్చినవారు మాత్రం డాక్టరును అడక్కుండా టికెట్ తీయకూడదు. ఏ దారిన వెళ్లినా గంటన్నరకోసారి లేచి నాలుగడుగులు వేయడం, నీళ్లు తాగుతూ ఉండటం మానకూడదు. బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని మన పెద్దవాళ్లు నీళ్లే మానేస్తారు. నడవా పక్క సీటు ఇప్పిస్తే ఆ మొహమాటం సగం తగ్గుతుంది.

లండన్ దారిలో పది గంటల తర్వాత కాళ్లు చాపుకుని నడిచే అవకాశం వస్తుంది. హైదరాబాద్ నుంచి లండన్ విమానం సాధారణంగా ఉదయం పూటే బయల్దేరుతుంది, కాబట్టి రాత్రి నిద్ర పూర్తిగా చెడదు. సూర్యుడి వెంటే పడమరకు పోతారు కాబట్టి రోజు సాగుతూనే ఉంటుంది. డాలస్‌లో సాయంత్రం దిగి, అన్నం తిని పడుకుంటే మొదటి రాత్రే కొంత నిద్ర పడుతుంది. తేడా దాదాపు పన్నెండు గంటలు కాబట్టి పగలు రాత్రి తారుమారవడం ఏ దారిన వెళ్లినా తప్పదు, సర్దుకోవడానికి వారం పైనే పడుతుంది. ఆ మొదటి రాత్రి నిద్ర మాత్రం పెద్దవాళ్లకు చాలా మేలు చేస్తుంది.

లండన్‌లోని హీత్రో ఎయిర్‌పోర్టులో ఇబ్బంది టెర్మినళ్లతో. టికెట్ మీద రెండు విమానాలకూ ఒకే సంస్థ పేరు ఉన్నా, రెండోది అమెరికన్ ఎయిర్‌లైన్స్ నడిపే విమానం కావచ్చు. అది టెర్మినల్ 3 నుంచి వెళ్తుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం టెర్మినల్ 5లో దిగితే లోపలి బస్సులో మారాలి, సెక్యూరిటీ తనిఖీ మళ్లీ దాటాలి. అలాంటి టికెట్‌లో గంటన్నర వ్యవధి కనిపిస్తే తీసుకోకండి. రెండున్నర గంటలు తక్కువలో తక్కువ, పెద్దవాళ్లకు మూడు, మూడున్నర. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుఫ్తాన్సాకి రెండు విమానాలూ తనవే, అయినా నడక ఎక్కువే. చలికాలంలో ఐరోపాలో మంచు, పొగమంచు వల్ల ఆలస్యాలు జరుగుతాయి. డిసెంబరు, జనవరుల్లో వెళ్లేవారు ఇంకో గంట కలుపుకోవాలి.

గల్ఫ్‌కి వాతావరణం బెడద తక్కువ, యుద్ధం బెడద ఎక్కువ. 2025 జూన్‌లో ఇజ్రాయెల్–ఇరాన్ ఘర్షణల సమయంలో ఆ ప్రాంతపు గగనతలాలు మూతపడ్డాయి, జూన్ 23న ఖతార్ కూడా కొన్ని గంటలు మూసేసింది. వేల మంది ప్రయాణికులు ఎక్కడివారక్కడ ఆగిపోయారు. అక్కడ ఉద్రిక్తత ఉందని వార్తల్లో వినిపిస్తున్నప్పుడు పెద్దవాళ్లను ఒంటరిగా ఆ దారిన పంపవద్దు. వందో, రెండొందలో డాలర్లు ఎక్కువైనా ఐరోపా దారే మేలు.

కాగితాలు: టికెట్ కొనేముందు చూడాల్సింది ఇదే

ధర, గంటలు, సీట్లు అన్నీ చూసి ఈ సంగతి మర్చిపోయేవారు ఎక్కువ. భారత పాస్‌పోర్టుతో హీత్రోలో విమానం మారాలన్నా, బయటికి పోకపోయినా, ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ, గ్రీన్‌కార్డు గానీ ఉంటే మినహాయింపు ఉంటుంది. కాబట్టి విజిటర్ వీసా మీద వెళ్లే తల్లిదండ్రులకు, కొత్తగా ఎఫ్1 (విద్యార్థి వీసా) స్టాంపు పడిన విద్యార్థులకు వెళ్లేటప్పుడు చిక్కు లేదు.

చిక్కంతా డాలస్ నుంచి ఇండియాకి వచ్చేటప్పుడు. చాలామంది హెచ్1బీ (ఉద్యోగ వీసా) వారి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. ఐ-797 (ఆ హోదాను ఆమోదించినట్టు అమెరికా ప్రభుత్వం ఇచ్చే పత్రం) ఆధారంగా అమెరికాలో ఉండటం, ఉద్యోగం చేయడం అంతా చట్టబద్ధమే. కానీ ఆ ఐ-797 బ్రిటన్ మినహాయింపుకి పనికిరాదు. ఎఫ్1 మీద వచ్చి, అక్కడే హెచ్1బీకి మారి, పాత స్టాంపు గడువు తీరాక మొదటిసారి ఇంటికి బయల్దేరేవారిదీ ఇదే పరిస్థితి. డాలస్‌లో చెక్‌ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, టికెట్ డబ్బు కూడా పోవచ్చు. స్టాంపు గడువు తీరినవారు ఇండియా ప్రయాణానికి గల్ఫ్ దారి తీసుకోవడం ఉత్తమం. ఐరోపా దేశాల నియమాలు ఒక్కో దేశానికి ఒక్కోలా ఉంటాయి, తరచూ మారుతుంటాయి. టికెట్ కొనే రోజున ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో స్వయంగా చూడండి. ట్రావెల్ ఏజెంటు "ఏం కాదు సార్" అన్నా చూడండి.

కుటుంబంలో ఒకరికి స్టాంపు ఉండి, ఇంకొకరికి లేకపోతే, లేనివారికి సరిపడే దారే అందరికీ తీసుకోవాలి.

డాలస్‌లోనే దిగాలా, న్యూయార్క్‌లో మారినా పర్వాలేదా?

కొన్ని టికెట్లు న్యూయార్క్ లేదా షికాగో దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి దేశీయ విమానంలో డాలస్ పంపుతాయి. ధర తక్కువ ఉండొచ్చు. ఇక్కడ ఒక నియమం గుర్తుంచుకోవాలి: అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేయాలి. డాలస్ దాకా ట్యాగ్ వేసిన పెట్టెలైనా సరే అక్కడ బెల్టు మీద తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పజెప్పి, సెక్యూరిటీ తనిఖీ దాటి, వేరే టెర్మినల్ వెతుక్కుని ఇంకో విమానం ఎక్కాలి. ఇరవై మూడు కిలోల పెట్టెలు నాలుగు దించుకునే ఓపిక అమ్మానాన్నలకు ఆ సమయంలో ఉండదు. భాష కూడా ఇబ్బందే. దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల్లో నేరుగా డాలస్‌లోనే దిగుతారు. టెర్మినల్ డి లో ఇమ్మిగ్రేషన్ అయి, పెట్టెలు తీసుకుని, తలుపు దాటితే పిల్లలు ఎదురుగా ఉంటారు. పెద్దవాళ్ల విషయంలో ఈ సౌకర్యం కోసం కొంత డబ్బు ఎక్కువ పెట్టడం తప్పు కాదని గట్టిగా చెబుతాను.

మొదట దిగిన ఊళ్లోనే కస్టమ్స్ దాటాలన్న నియమానికి అబుదాబీ దారి కొంత మినహాయింపు. అక్కడ 2014 నుంచి అమెరికా అధికారులే కూర్చుని ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ ముందుగానే పూర్తి చేస్తున్నారు. అబుదాబీ సంస్థ ఎతిహాద్‌లో షికాగోకో, న్యూయార్క్‌కో వెళ్తే అక్కడ దేశీయ ప్రయాణికుడిలా దిగి, మళ్లీ ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ లేకుండా డాలస్ విమానం దగ్గరికి పోవచ్చు. ఇంగ్లిష్ వచ్చి, ఎయిర్‌పోర్టులు అలవాటున్నవారికి ఇది మంచి దారి. విమానాలు మూడవుతాయి కాబట్టి పెద్దవాళ్లకు నేను చెప్పను.

మీ ఊరు ఏదో కూడా చూసుకోండి

ప్రయాణం శంషాబాద్‌లో మొదలవదు, మీ గుమ్మంలో మొదలవుతుంది. తిరుపతి వారికి చెన్నై సుమారు 135 కిలోమీటర్లు, నెల్లూరు వారికి 175. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, దోహా, దుబాయ్ విమానాలు చెన్నై నుంచి కూడా ఉన్నాయి. అలవాటు కొద్దీ హైదరాబాద్ దాకా రావడం అనవసరపు అలసట. అనంతపురం, హిందూపురం వారికి బెంగళూరు ఎయిర్‌పోర్టు ఇంకా అనువు. అది నగరానికి ఉత్తరాన దేవనహళ్లి దగ్గర, మన వైపు జాతీయ రహదారి మీదే ఉంది. బెంగళూరు ట్రాఫిక్‌లోకి దిగే పనే లేదు. విజయవాడ వారికి శంషాబాద్ దాకా రోడ్డు మీద ఐదారు గంటలు పడుతుంది. రాత్రి విమానానికి మధ్యాహ్నమే బయల్దేరి, ఎయిర్‌పోర్టు దగ్గర బంధువుల ఇంట్లోనో, హోటల్లోనో నడుం వాల్చి వెళ్లడం మంచిది.

విశాఖ వారు హైదరాబాద్‌కి విడిగా దేశీయ టికెట్ తీసుకునే అలవాటు ఉంది. అది ఆలస్యమై అంతర్జాతీయ విమానం తప్పిపోతే ఎవరూ బాధ్యత తీసుకోరు. రెండూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే తర్వాతి విమానం చూపించడం సంస్థ పని. విడిగా తీయక తప్పకపోతే ఆరేడు గంటల వ్యవధి ఉంచండి, లేదా ముందురోజే వచ్చేయండి.

సామాను కూడా దారిని బట్టే

పచ్చళ్లు లేకుండా డాలస్ వెళ్లే తెలుగువారు తక్కువ. ఏ దారిన వెళ్లినా అవి చెక్‌ఇన్ పెట్టెలోనే ఉండాలి. చేతి సంచిలో పెట్టిన ఆవకాయ సీసా శంషాబాద్‌లోనో, తర్వాత విమానం మారే చోటో ఆగిపోతుంది. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్ల పరిమాణం దాటిన పొడులు చేతి సంచిలో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు, తేల్చుకోలేకపోతే పారేయిస్తారు. కారం, కందిపొడి, కరివేపాకు పొడి, అన్నీ పెద్ద పెట్టెలోకే. మామిడి పళ్లు, మాంసంతో చేసిన పచ్చళ్లు, పొడులు తీసుకెళ్లనే వద్దు. తినేవి ఏమున్నా కస్టమ్స్ దగ్గర ఉన్నాయని చెప్పడమే క్షేమం. చెప్పి పారేయించుకుంటే నష్టం వస్తువుతో పోతుంది, దాచితే జరిమానా పడుతుంది.

మందులకు సరిగ్గా ఉల్టా. బీపీ, షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడూ చేతి సంచిలోనే, డాక్టరు చీటీతో సహా. పెట్టె ఒకరోజు ఆలస్యంగా వచ్చినా ఇబ్బంది పడకూడదు. పన్నెండు గంటల తేడాలో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరేముందే డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవారికి ఇది మరీ ముఖ్యం.

పెద్దవాళ్లను ఒంటరిగా పంపేటప్పుడు

వీల్‌చైర్ అడగడానికి మన పెద్దవాళ్లు సిగ్గుపడతారు. "నాకేం, నడవగలను" అంటారు. నడవగలిగినా అడగండి. టికెట్ తీసేటప్పుడే చెబితే విమానం దగ్గర ఒకరు వచ్చి, రెండో విమానం గేటు దాకా, డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ దాటి పెట్టెల దాకా తీసుకెళ్తారు. దారి వెతుక్కునే బెంగ పోతుంది. ఇంగ్లిష్ రానివారికి ఇంతకు మించిన సాయం లేదు. గేటు దగ్గర ఎక్కువసేపు కూర్చోబెడతారు కాబట్టి వ్యవధి మూడు గంటలకు తగ్గకుండా చూడండి.

అదే విమానంలో వచ్చే తెలుగువారి కోసం డాలస్ వాట్సాప్ గ్రూపుల్లో అడగడం మనవాళ్లకు అలవాటే, మంచి అలవాటే. తోడు దొరికితే ధైర్యం. ఒక్క జాగ్రత్త: తెలియనివారి పెట్టె, పొట్లం ఏదీ మీ పేరు మీద వేయించుకోవద్దని అమ్మానాన్నలకు గట్టిగా చెప్పండి. శాకాహార భోజనం టికెట్‌లోనే నమోదు చేయించాలి, కనీసం ఒకరోజు ముందు. పిల్లల చిరునామా, ఫోన్ నంబరు, తిరుగు టికెట్, ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం ఒకే కవరులో పెట్టి పాస్‌పోర్టుతో ఉంచండి. ఎన్నాళ్లు ఉంటారని అధికారి అడిగితే తిరుగు టికెట్ తేదీ చెబితే చాలు. పొడుగాటి వివరణలు అక్కర్లేదు.

ఏప్రిల్, మే నెలల్లో పంపుతుంటే ఇంకొక సంగతి. డాలస్‌లో అప్పుడు ఉరుములు, వడగళ్ల వానల కాలం. విమానం పక్క ఊరికి మళ్లి, వాన తగ్గాక తిరిగి వచ్చిన సందర్భాలు ఉంటాయి. అలా జరిగితే విమానంలోనే కూర్చోవాలనీ, దిగమంటే తప్ప కదలొద్దనీ, కంగారు పడొద్దనీ ముందే చెప్పి ఉంచండి. అలాంటి రోజు పిల్లలు విమానం ఎక్కడుందో ఫోన్లో చూసుకుంటూ, దిగిందని తేలాకే టెర్మినల్ డి కి బయల్దేరితే సరిపోతుంది.